నాయినమ్మ ముట్టించిన పొట్టుపొయ్యి

ఫోరస్ రోడ్డు మీద వడ్రంగి దుకాణం ముంగటికెల్లి పోతుంటే కోసిన కట్టె వాసన ముక్కుకు తగుల్తది, నా కాళ్లు ఆగుతయి, కామాటిపురల వరుస అర్రల మా పాత చాల్, అండ్ల ఒక్క అర్ర మా ఖోలీ, గడప బయట రేకుడబ్బాల చేసిన మా నాయినమ్మ పొట్టుపొయ్యి అన్నీ యాదికొస్తయి.

ఆ వానకాలం అమ్మ మా తమ్ముణ్ని కన్నది. చెమ్మపట్టిన గోడలు, ఎంతకూ ఆరని పొత్తిగుడ్డలు, వేయించిన వాము వాసన, అమ్మ కంచంల ఎల్లిపాయ కారం. పచ్చి బాలింతరాలు చన్నీళ్లు ముట్టొద్దు, లేచి పొయ్యి ఊదొద్దు. నాయిన, నాయినమ్మ ఇద్దరూ పొద్దుగాల్నే బిల్డింగు పనికి పోవాలె. అందుకే ఒక్కసారి ముట్టిస్తే పొద్దుగూకేదాక ఎవ్వరూ ముట్టకుండ కాలే మంట కావాలె.

ఓ పొద్దున నాయినమ్మ నీళ్లకు నల్లా దగ్గరికి పోతే, “నేను చేస్త” అని నాయిన కూసున్నడు. ఆయన మేస్త్రి. డబ్బా నడుమ సీసా నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు పోసిండు. చేతి అలవాటు ఊకుంటదా, నీళ్లు చల్లి తాపీతోని నున్నగ చదును చేసిండు! ముట్టిస్తే మంట ఏడిది? మా అంతస్తంత పొగ, ఖోలీల తమ్ముని దగ్గు. నాయినమ్మ బిందె దించి ఉరికొచ్చింది.

“ఓరి నీ తాపీ పాడుగాను! గోడ కడుతున్నవార్రా? పసిగుడ్డుకు పొగ పెడ్తవా?”

“గట్టిగుండాలె గదనే అమ్మా!”

“గట్టిగుండాలె, తడుపుమన్ననా?”

తడిపొట్టు గుమ్మరించి, పొడిది పిడికెడు పిడికెడు పోసుకుంట కట్టెతో కూరింది. సీసాను మెల్లగ తిప్పుకుంట పైకి తీస్తే నడుమ గొట్టం లెక్క దారి పడ్డది, రవ్వంత పొట్టు రాలలే. డబ్బా కింది బొక్కలకెల్లి నూనెగుడ్డతో ముట్టించి, మీద నీళ్ల గుండిగ పెట్టి పనికి పోయింది. మంట ఒక్కపారి లేచి, మళ్ల ఎర్రగ, సప్పుడు లేకుండ దినమంత కాలింది. పగటీలి అమ్మ తమ్మునికి తానం పోస్తే నీళ్ల మీద ఆవిర్లు లేచినయి. వాడు ఏడుపాపి నిద్రపోయిండు. ఎంత గొప్ప చెయ్యి మా నాయినమ్మది!

మాపటికి తలమీద ఇటుకపొడితోనే వచ్చి, చెప్పులు ఇడ్వకముందే అరచెయ్యి వెనుకపక్క డబ్బాకు ఆనించి “ఇంక వేడి ఉన్నదే” అని అమ్మతోటి అన్నది. అమ్మ బాలింతకాలం వెళ్లేదాక దినాం ఇదే మాట.

ఇప్పుడు ఆ చాల్ లేదు, నాయినమ్మ లేదు. తమ్ముని పిల్లలు మరాఠీలనే మాట్లాడుకుంటరు, పొట్టుపొయ్యి అంటే ఏందని అడుగుతరు. మా ఇంట్ల గీజర్ ఉన్నది. డ్యూటీకెల్లి రాంగనే అరచెయ్యి వెనుకపక్క దానికి ఆనిస్త, అలవాటు పోలే. లోపల నీళ్లు ఎంత కాగినా, అది బయటికి సల్లగనే ఉంటది.