దుబాయి పొయ్యి

మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, మస్కట్‌లో వెల్డరు. సెలవు మీద వచ్చేవాళ్లు టేప్ రికార్డర్లూ సెంటు సీసాలూ ఉన్ని దుప్పట్లూ తెస్తే, తొంభైల మధ్యలో ఒకసారి ఆయన బుర్రలో ఒక పొయ్యి పెట్టుకుని దిగారు. అక్కడ ఎడారిలో, కంపెనీ క్యాంపుల దగ్గర, చలికాలం సాయంత్రాలు పై ఆఫీసర్లు ఇనప డ్రమ్ములాంటి దాంట్లో కట్టెలు వేసుకుని చుట్టూ కూర్చునేవారట. మంటే గాని పొగ లేదట. వాళ్లు లేచి వెళ్లాక ఈయన వెళ్లి దాన్ని తిరగేసి, బోర్లేసి చూసి వచ్చారు. మామిడికుదురు దగ్గర మా ఊరికి వచ్చిన మూడో రోజే అమలాపురం పోయి, తెలిసినాయన షెడ్డులో కూర్చుని స్వయంగా ఒకటి చేసి, బస్సు టాపు మీద వేసుకొచ్చారు.

మోకాలెత్తు ఉండేది. పెద్ద డ్రమ్ములో చిన్న డ్రమ్ము, రెండింటి మధ్యా రెండు వేళ్లు పట్టేంత సందు. బయటి డ్రమ్ముకి అడుగున కన్నాలు, లోపలి డ్రమ్ముకి అంచు కింద చుట్టూరా కన్నాలు. మోసుకెళ్లడానికి అటొక కడియం, ఇటొక కడియం. అడుగు నుంచి దూరిన గాలి ఆ సందులో వేడెక్కి, పై కన్నాల్లోంచి మంట మీదకి కొడుతుంది. పొగ బయటపడే లోపే కాలిపోతుంది.

"పొగని పొయ్యే తినేస్తుందమ్మాయ్" అని బావగారు నాకు చెప్పారు. నాకే ఎందుకు చెప్పారంటే ఆ ఇంట్లో ఎందుకు, ఎలా అని అడిగేదాన్ని నేనొక్కదాన్నే.

మా అత్తగారికి సముద్రం అవతల ఉన్నదంతా దుబాయే. దానికి దుబాయి పొయ్యి అని పేరు పెట్టేసింది. "పొగ రాని నిప్పేవిట్రా, ఉప్పు లేని చారులాగా!" అని మూతి తిప్పింది.

సాయంత్రాలు దొడ్లో బాదంచెట్టు కింద దాన్ని వెలిగించేవాళ్లం. ఎండు కొబ్బరి చిప్పలు నాలుగు పడేస్తే చాలు, కాసేపటికి పై కన్నాల్లోంచి గ్యాసుపొయ్యిలాగా మంటలు వచ్చేవి. వీధి వీధంతా చూడ్డానికి వచ్చింది. పక్కింటి పిన్నిగారు పరీక్ష పెడదామని తడి కొబ్బరి డొక్క ఒకటి, పీచుతో సహా, పట్టుకొచ్చి అందులో పడేసింది. గుప్పున పొగ లేచింది.

"చూసేరా, వచ్చింది పొగ!" అందావిడ.

"తడి డొక్క వేస్తే పొయ్యేం చేస్తుందండీ పిన్నిగారూ? తడి చీర కట్టుకు తిరిగితే మీకు మాత్రం జలుబు చెయ్యదూ?" అన్నాను.

అందరూ నవ్వారు. అలా ఆ పొయ్యికి నేను వకీలునయ్యాను. వంటింట్లో డొక్కల పొగకి పదేళ్లు కళ్లు నలుపుకున్నదాన్ని, పొగ లేకపోవడం అంటే నాకు సగం స్వర్గం.

తిరిగి వెళ్లే రోజున బావగారు సంచీ సర్దుకుంటూ అన్నారు: "ఇది ఆరుబయట వాడుకునేదే అమ్మాయ్. ఇంట్లోకి తేకండి."

"ఎందుకండీ?"

"వేడికి గచ్చు పగిలిపోద్ది. రవ్వ లేచిందంటే దోమతెర అంటుకుంటుంది."

కారణం చెప్పందే నేను ఏదీ ఒప్పుకోను. చెప్పాక ఆ కారణాన్ని గట్టిగా పట్టుకుంటాను, చెప్పిన మనిషిని వదిలేస్తాను. నా గుణం అది. ఆయన ఆలోచించి చెప్పారో, నోటికొచ్చింది చెప్పారో, అసలు కారణం ఆయనకీ తెలియదో, ఆ రోజు అడగాలని తోచలేదు.

కార్తీకంలో మా ఆడపడుచు పురిటికి వచ్చింది. ఆపరేషన్ చేసి ఆడపిల్లని తీశారు. బాలింతని ఇంటికి తెచ్చిన నాటి నుంచీ ముసురు. మా వైపు బాలింతకి చెవుల్లో దూది పెట్టి, తలకి గుడ్డ చుట్టి, నులకమంచం మీద పడుకోబెట్టి, మంచం కింద కుంపటి పెడతారు. నిప్పుల మీద చిటికెడు వాము వేస్తారు. గాలి తగలకూడదు. అయినా మా అత్తగారు కిటికీ తలుపు సందులో ఇటికముక్క ఒకటి పెట్టి, జానెడు తెరిచే ఉంచేది. కుంపట్లో సగం కాలిన బొగ్గులూ డొక్కలూ ఒకటే పొగ మరి. ఆ పొగకి పిల్ల తుమ్మేది, తల్లి దగ్గేది. దగ్గినప్పుడల్లా కుట్లు లాగి, పొట్ట రెండు చేతులా పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకునేది. తెరిచిన జానెడులోంచి జల్లు పడి దుప్పటి అంచు తడిసేది.

నాలుగో రోజు పొద్దున్న వసారాలో అత్తగార్ని నిలబెట్టాను.

"అత్తయ్యగారండీ, ఆ కుంపటి తీసేసి దుబాయి పొయ్యి పెడదాం."

"అది బయటిదే. ఇంట్లోకి తేవద్దన్నాడు కదే పెద్దోడు."

"గచ్చు పగులుతుందనండి ఆయన అన్నది. ఇసక పోసి ఇటికలు పేరుస్తాను."

"రవ్వలు లేస్తాయన్నాడు."

"మంట ఆరి నిప్పులయ్యాకే లోపలికి తెస్తాం. కణకణలాడే చిప్పల నిప్పుల్లో రవ్వలెక్కడివండీ?"

"కిటికీ?"

"పొగే లేనప్పుడు కిటికీ ఎందుకండీ? శుభ్రంగా మూసేద్దాం. జల్లు రాదు, గాలి రాదు."

ఆవిడ వానకేసి చూసింది. "నాకేవిటో బాగాలేదమ్మా" అంది.

"ఏం బాగాలేదో చెప్పండి."

చెప్పలేకపోయింది. చెప్పలేనివాళ్లు ఓడిపోయినట్టే అని నా లెక్క. పైగా ఇంకో మాట కూడా అన్నాను: "బీఎస్సీ చదివేను అత్తయ్యగారండీ. అందులో కెమిస్ట్రీ."

"ఆయ్. చదువుకున్నదానివి. నీ ఇష్టం" అంది.

వసారాలో చిప్పలు వేసి రాజేశాను. మంటలు పడిపోయి, చిప్పలన్నీ ఎర్రగా మెరుస్తున్నప్పుడు, గుడ్డలు చుట్టిన కడియాలు అటు నేనూ ఇటు మా పనావిడా పట్టుకుని గదిలోకి తెచ్చాం. మంచానికి మూరెడు దూరంలో ఇసక మీద, ఇటికల మీద దించాం. ఇటికముక్క తీసేసి కిటికీ బిగించాను. సందుల్లో పాతచీర ముక్కలు కుక్కాను. గది క్షణంలో వెచ్చబడింది. పొగ చుక్క లేదు. పిల్ల తుమ్మలేదు, తల్లి దగ్గలేదు. నేను కాసేపు అక్కడే కూర్చున్నాను, నా గెలుపుని చూసుకుంటూ.

నాకు కణతలు పోటు పెట్టాయి. ఆకలనుకున్నాను.

"తలనొప్పిగా ఉంది వదినా" అంది ఆడపడుచు.

"రాత్రుళ్లు నిద్రలేదు కదా. కళ్లు మూసుకో" అని, తలుపు దగ్గరగా వేసి వంటింట్లోకి వెళ్లిపోయాను.

భోజనాలకి కూర్చున్నాం. అత్తగారు పెరుగన్నం కలుపుకుంటూ ఉన్నట్టుండి చెయ్యి ఆపింది.

"పాలవేళ దాటిపోయింది. పిల్ల ఏడవలేదేవిటే?"

"వెచ్చగా ఉంది కదండీ, ఇవాళైనా పడుకోనివ్వండి."

ఆవిడ విస్తరి ముందు నుంచి లేచిపోయింది. పెరుగన్నం చేత్తోనే గది తలుపు నెట్టింది. నేనూ విసుక్కుంటూ వెనకాలే వెళ్లాను. తల్లీ పిల్లా పడుకుని ఉన్నారు. పిల్ల బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఎంత బాగా రంగు వచ్చింది అనుకున్నాను, దేవుడి సాక్షిగా. అత్తగారు పిల్ల చెయ్యి ఎత్తి వదిలింది. గుడ్డముక్కలా పడిపోయింది.

ఆ తరవాత పిల్లకి ఏం చేసినా ఆవిడే చేసింది. కిటికీ తలుపుని చేత్తో గుద్ది తెరిచింది, అది గోడకి కొట్టుకుని విరిగింది. పిల్లని చంకనేసుకుని వసారా దాటి వానలోకి నడిచింది. అరికాళ్లు తట్టింది, వీపు రుద్దింది, "ఏడవ్వే, ఏడవ్వే ముండా" అని తిట్టింది. నేనూ పనావిడా మంచంతో సహా ఆడపడుచుని బయటికి ఈడ్చాం. ఆమె కళ్లు తెరిచి, ఎవరో పోల్చుకోలేక చూసి, వాంతి చేసుకుంది. ఎంతసేపటికో వానలోంచి పిల్లిపిల్ల అరిచినట్టు ఒక ఏడుపు వినబడింది. ఒక్కటే. తరవాత మళ్లీ లేదు.

అప్పటికి మాకూ అమలాపురానికీ మధ్య ఏటి మీద వారధి లేదు. వానకి ఏరు దాటించే పంటు ఆపేశారు. టాక్సీలో గన్నవరం అక్విడెక్టు మీంచి చుట్టు తిరిగి అమలాపురం వెళ్లాలి. "అద్దాలు దింపు బాబూ, అన్నీ దింపు" అంది అత్తగారు డ్రైవరుతో. దారి పొడుగునా అందరం తడిశాం.

ఆస్పత్రిలో ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టారు. డాక్టరుగారు బయటికి వచ్చి, "గదిలో నిప్పులు పెట్టేరా?" అని అడిగారు. "తలుపులు, కిటికీలు మూసేరా?" అని అడిగారు. "ఎవరండీ పెట్టింది?" అని అడిగారు.

నేను నోరు తెరిచేలోపు మా అత్తగారు ముందుకి జరిగింది. "నేనేనండి. ముసలిదాన్నండి. తెలీలేదండి."

ఆయన అరగంట తిట్టారు. ఆవిడ తల వంచుకుని "ఆయ్, ఆయ్" అంటూనే ఉంది. పక్కన నేను నిలబడ్డాను. నా బుర్రలో కాలేజీ నోట్సు పేజీ ఒకటి కదులుతోంది: కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. చాలినంత గాలి లేనిచోట బొగ్గు కాలితే పుడుతుంది. పరీక్షలో వచ్చింది. పూర్తి మార్కులు వేశారు.

పిల్ల బతికింది. తల్లి నాలుగు రోజుల్లో తేరుకుంది. ఆ నిప్పు పెట్టిన రోజు ఆమెకి సరిగా జ్ఞాపకమే లేదు. వసారాలో మా వాదన అసలే వినలేదు, చెవుల్లో దూది కదా. వియ్యపురాలు, అంటే ఆడపడుచు అత్తగారు, వచ్చి ఆస్పత్రి వరండాలోనే అత్తగార్ని నానా మాటలూ అంది. ఆవిడ పడింది. ఎవరేమన్నా ఒకటికి రెండు అంటించే నేను స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను.

ఇంటికొచ్చాక అడిగాను, ఎందుకలా చెప్పారని.

"రేపు ఈ ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా మందు అట్ట చదివి చెప్పాల్సింది నువ్వే. నీ మాట వినాలా వద్దా వీళ్లు?" అంది. అని, గుత్తివంకాయ కూరకి కాయలు కొయ్యడానికి కూర్చుంది. కాసేపటికి మళ్లీ తనే, "కిటికీ నేనైనా తెరవాల్సింది" అంది.

రెండో కాన్పుకి ఆడపడుచు పుట్టింటికి రానంది. అత్తగారింట్లోనే పురుడు పోసుకుంది. మా అత్తగారు మినపసున్ని చేసి, డబ్బాకెత్తి, బస్సులో ఎవరి చేతో పంపింది. డబ్బా తిరిగి వచ్చింది, ఖాళీగా, ఏ మాటా లేకుండా. అప్పుడైనా నేను చెప్పాలి. చెప్పలేదు. ఇంకొన్నాళ్లు పోనీ అనుకున్నాను. ఆ ఇంకొన్నాళ్లలో ఆవిడ పోయింది.

పిల్ల మాటలు కొంచెం ఆలస్యంగా నేర్చింది. కొందరు పిల్లలు అంతేనన్నారు డాక్టర్లు. ఎనిమిదో తరగతిలో లెక్కలు రావు. వాళ్ల నాన్నకీ రావట. సెలవులకి వచ్చినప్పుడల్లా నేను దానికి ఎక్కాలు అడుగుతాను. "అత్తా, మీరు టీచరా ఏంటి?" అని విసుక్కుంటుంది. దానికి తెలియదు, పదమూడేళ్లుగా నేను పరీక్ష పెడుతున్నది ఎవరికో. ఏడెనిమిదులు ఎంత అంటే అది ఆలోచించే ఆ రెండు క్షణాలు నాకు ఊపిరాడదు.

పోయిన వేసవిలో దుబాయి పొయ్యి మీద స్నానానికి నీళ్లు కాస్తున్నాను. అడుగు తుప్పు పట్టింది గాని పొయ్యి బాగానే పనిచేస్తుంది, ఆరుబయట, బాదంచెట్టు కింద. పిల్ల పక్కన గొంతుకూచుని చిప్పలు అందిస్తోంది.

"అత్తా, అమ్మమ్మ నన్ను చంపేయబోయింది ఈ పొయ్యితోనేనంట కదా? నాన్నమ్మ చెప్పింది" అంది నవ్వుతూ.

"మీ అమ్మమ్మ వద్దంది. నేనే పెట్టేను."

నవ్వు ఆగింది. "మరి అమ్మమ్మే పెట్టిందని..."

"నా కోసం చెప్పేరు ఆవిడ. అబద్ధం."

చిప్ప చేతిలోనే ఉంచుకుని నాకేసి చూసింది. పై కన్నాల్లోంచి మంటలు వస్తున్నాయి. ఒక్క పాయ పొగ లేదు.

"అమ్మకి తెలుసా?"

"తెలీదు."

"అమ్మ ఇప్పటికీ అమ్మమ్మ ఫొటోకి దండం పెట్టదు, తెలుసా అత్తా? మమ్మల్ని పెట్టమంటుంది. తను పెట్టదు."

నాకు తెలుసు. ఆ ఇంట్లో అన్నీ చూసేదాన్ని, అది చూడకుండా ఉంటానా? ఏదో ఒక సమాధానం నోటికొచ్చింది, ఎప్పుడూ వచ్చినట్టే. అనలేదు.

వసారాలో ఆడపడుచు కంద చెక్కు తీస్తోంది. "వదినా, నీళ్లు కాగేయా?" అని కేకేసింది.

"కాగేయి" అన్నాను. పిల్ల చేతిలో చిప్ప తీసుకుని కింద పెట్టి, చేతులు చీరకి తుడుచుకుని, వసారా కేసి నడిచాను. "ఆ కత్తిపీట పక్కన పెట్టమ్మాయ్. నీతో ఒక మాట చెప్పాలి."