చేతులు ఆగే చోటు

మా ఆవిడ సుజాత వంటింట్లో గోంగూర ఒలుస్తోంది. డెట్రాయిట్ పక్కనున్న ఈ నోవైలో ఇంత మంచు కురిసే రోజున గోంగూర దొరకడమంటే సంజీవిని దొరికినట్టే. హనుమంతుడైతే ఎగిరి వెళ్ళి తెచ్చాడు, నేను ఊళ్ళో ప్రతి మలుపులోనూ జారుతూ వెళ్ళి తెచ్చాను. కాడ నుంచి ఆకు తెగినప్పుడల్లా టిక్కుమని చిన్న చప్పుడు, వెనకే పుల్లటి పచ్చి వాసన. ఆ చప్పుడు వింటే నాకు పక్కింటి ఆన్సెల్మో గారు గుర్తొస్తారు. ఒకే ఒక్కసారి మా గోంగూర పచ్చడి నాలిక్కి రాసుకుని, చెరువంత నీళ్ళు తాగి, "ఇందులో కథ ఉంది" అన్న మహానుభావుడు.

ఆయన స్పెయిన్ రచయిత. వాళ్ళ ఊళ్ళో ఆయన పేరు పెట్టిన వీధి కూడా ఉందట. రెండిళ్ళు దాటగానే అది గోడకి గుద్దుకుని ఆగిపోతుందట. "నా నవలల గురించి విమర్శకులు అన్నదీ అదే" అని పడీ పడీ నవ్వేవారు. భార్య పోయాక ఇక్కడ కార్ల కంపెనీలో పనిచేసే కూతురు లూసియా దగ్గరికి వచ్చేశారు. తన వయసు ఎనభై అని ఆయన లెక్క, ఎనిమిది వందలని నా అంచనా. మేము మాట్లాడుకున్నది ఇంగ్లీషే. ఆయన ఇంగ్లీషు ఆలివ్ నూనెలో వేగి వచ్చేది, నాది ఇంగువ తగిలి వచ్చేది. ఎలాగో ఒకరికొకరం అరిగేవాళ్ళం.

మొదటి పరిచయం మంచులోనే. నేను పారతో వాకిలి శుభ్రం చేస్తున్నాను. ఆ ఏడాది మంచు ఎంత పడిందంటే, పొగగొట్టం తప్ప నా ఇంటికి వేరే ఆనవాలు లేదు. ఈయన తలకి మఫ్లర్ చుట్టుకుని, చేతిలో కాగితాలతో వచ్చి నా ఎదురుగా నిలబడి, తన నవలని అప్పటికప్పుడు ఇంగ్లీషులోకి మార్చి చదవడం మొదలుపెట్టారు. మర్యాద కోసం నేను ఆగబోతే, నా ఉద్యోగం సంగతి కూతురు చెప్పిందేమో, కసిరారు.

"ఆగకు, ఇంజనీర్! నీ పని నువ్వు చెయ్యి."

కాసేపటికి నా పార ఆగిపోయింది. ముసలాయన కళ్ళు వెలిగాయి. "నచ్చిందా?"

"లేదండీ, నడుం పట్టేసింది."

వెంటనే పెన్ను తీసి ఆ పేజీ మొత్తం కొట్టేశారు.

లోపల కాఫీ తాగుతూ అసలు సంగతి చెప్పారు. వాళ్ళ ఊళ్ళో కుంకుమపువ్వు పండుతుంది. కోత రోజుల్లో ఆడవాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని, ఊదారంగు పూలలోంచి ఎర్ర కేసరాలు గిల్లేవారట. చిన్నప్పుడు వాళ్ళకి కథలు చెప్పడం ఈయన పని. "బాగుందని అందరూ అంటారు, ఇంజనీర్. నోరు మర్యాదస్తురాలు. వేళ్ళకి మర్యాద తెలీదు. మా అమ్మ వేళ్ళు ఆగాయంటే ఆ కథ నిలుస్తుంది." అప్పటి నుంచి ఏది రాసినా, ఎవరో ఒకరు చేతిపనిలో ఉండగా చదివి చూడందే అచ్చుకి ఇవ్వలేదట. కిటికీలోంచి మంచుని చూస్తూ, "ఇక్కడ నేనెవరో ఎవరికీ తెలీదు. ఈ దేశంలో నా పేజీ ఎవరి చేతులైనా ఆపుతుందా?" అన్నారు.

నా ఉద్యోగం కార్లకి బ్రేకులు. ఆపడంలో నిపుణుణ్ణి. అయినా ఆయన పేజీకి నా చేతులు ఆగలేదు, నడుమే ఆగింది.

అప్పట్లో నా కష్టం నాకూ ఉండేది. మా తెలుగు సంఘం ఉగాది వేదిక మీద అంతకు ముందు ఏడు నేను చేసిన హాస్య ప్రసంగానికి జనం లేచారు, పులిహోర దగ్గరికి. ఆ ఏడు మళ్ళీ అవకాశం అడిగి తెచ్చుకున్నాను. సుజాత ముందే చెప్పేసింది: "ఈసారీ వాళ్ళు లేస్తే నేను వేరే వరసలో కూర్చుంటానండీ. ఎవరైనా అడిగితే మీరెవరో తెలీదంటా."

ప్రసంగం పట్టుకుని ఆన్సెల్మో గారింటికి పరిగెత్తాను. ఆయన వాళ్ళ దేశపు ఆమ్లెట్‌కి బంగాళాదుంపలు తరుగుతున్నారు. "చదువు" అన్నారు. తెలుగులోనే చదివాను. ఆయనకి ఒక్క ముక్క అర్థం కాదు. కత్తి టకటకా నడుస్తూనే ఉంది. నా మహత్తరమైన జోకుల మీదుగా నడిచింది. పెద్ద పంచ్‌లని తొక్కుకుంటూ నడిచింది. ఒక్కచోట మాత్రం ఆగింది.

"అక్కడేం రాశావు?"

అది నేను కొట్టేద్దామనుకున్న ముక్క. ఇక్కడికొచ్చిన మొదటి చలికాలం నా కారు మెల్లగా, పెళ్ళికూతురిలా జారుకుంటూ వెళ్ళి మా మెయిల్‌బాక్స్‌నే గుద్దింది. బ్రేకుల ఇంజనీర్ని కదా, ఎవరైనా చూస్తారన్న సిగ్గుతో వీధి ఖాళీ అయ్యేదాకా కార్లోంచి దిగలేదు.

"అది హాస్యం కాదండీ, నా పరువు."

"మిగతాదంతా నువ్వు అరిచావు. అక్కడ నీ గొంతు తగ్గింది. భాష రాకపోయినా నా కత్తికి తెలిసింది. ఆ ముక్క ఉంచు, మిగతాది తీసెయ్."

ఉగాది నాడు ఆ ముక్కే చెప్పాను. నవ్వులకి హాలు కప్పు లేచి డెట్రాయిట్‌లో పడిందంటే మీరు నమ్మరు, నమ్మకండి. ఆన్సెల్మో గారు మాత్రం వెనక నిలబడి, నావైపు కాకుండా వడ్డనవైపు చూస్తున్నారు. అయ్యాక నా భుజం పట్టుకుని, "పులిహోర గరిటె గాల్లో ఆగింది, చూశావా?" అన్నారు. సుజాత నా పక్కనే కూర్చుని భోంచేసింది.

రెండేళ్ళ కిందట ఆయన పోయారు. లైబ్రరీ గదిలో సంతాప సభ పెట్టారు. వచ్చినవాళ్ళం పట్టుమని పాతికమంది లేము. లూసియా వాళ్ళ నాన్న చివరి నవలలో ఆఖరి పేజీ స్పానిష్‌లో చదివింది. మాలో చాలామందికి ఆ భాష రాదు. ఆయన తరఫున చేతులు గమనించాలని నేను వెనక వరసలో కూర్చున్నాను. ఫోన్ల మీద వేళ్ళు కదులుతున్నాయి. ఒకాయన కోటు బొత్తాం తిప్పుకుంటున్నాడు. తర్వాత ఎవరి చేతులు ఆగాయో, ఎవరివి ఆగలేదో నేను చెప్పలేను. పేజీ అయిపోయాక చూసుకుంటే నా చేతిలో బిస్కెట్ నోటికీ ప్లేటుకీ మధ్య ఉంది. ఎప్పటి నుంచి అక్కడుందో నాకే తెలీదు.

ఆయన అడిగినదానికి నా దగ్గరున్న జవాబు అదొక్కటే. చెప్పడానికి ఆయన లేరు.

ఇప్పుడు ఇదంతా సుజాతకి చదివి వినిపించాను. టిక్కు టిక్కు చప్పుడు ఆగిపోయింది. నా గుండె ఎగిరి పైకప్పుకి తగిలింది.

"నచ్చిందా?"

"గోంగూర అయిపోయిందండీ."

కలం తీశాను, అంతా కొట్టేద్దామని. సుజాత సంచీలోంచి ఇంకో కట్ట తీసి ముందు పెట్టుకుంది, కానీ దాని తాడు విప్పలేదు.

"ఆ బిస్కెట్ దగ్గర మళ్ళీ చదవండి" అంది.