అమ్మ ఆట మధ్యలో ఎందుకు ఆగిపోయేదంటే

రేపటికి నా తప్పును నేనే చిన్నది చేసుకుంటానేమోనని ఇప్పుడే రాస్తున్నాను.

అమ్మ బడికి వెళ్లలేదు. తను అక్షరాలు నేర్చుకోవాలని, నర్సీపట్నం బజారులో కొన్న నా పాత కంప్యూటర్‌లో బుడగల ఆట పెట్టాను. వినబడిన అక్షరం ఉన్న బుడగను నొక్కాలి. బైబిలు ముట్టుకునే ముందులాగే చేతులు కడుక్కుని కూర్చునేది. ఆట మధ్యలో మూసుకుపోయినప్పుడల్లా "ఏదో నొక్కేశావమ్మా" అనేదాన్ని. నెల నుంచి అమ్మ ఆ కుర్చీ వైపే రాలేదు.

ఈ రోజు నేను ఆడుతుంటే నాకూ మూసుకుపోయింది. యాంటీవైరస్ ఆపి చూసినా అంతే. చివరికి కంప్యూటర్ డబ్బా విప్పి, లోపలున్న రెండు ర్యామ్ (మెమరీ) ముక్కల్లో ఒకటి తీసేశాను. ఆట గంటసేపు ఆగకుండా నడిచింది.

"తప్పు నీది కాదమ్మా, ఈ ముక్క పాడైంది" అన్నాను.

అమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసింది. "ఇదేటే! నా సేతుల తడికే ఆగిపోతందనుకున్నాను. నువ్వు లేనప్పుడు కడుక్కోకుండా కూడా కూకుని సూశాను. అయినా ఆగిపోయింది."

చదువుకున్న నేను పరీక్షించకుండానే తేల్చేశాను. పరీక్షించి చూసింది అమ్మే.

గుణింతాలు నేర్పే ఇలాంటి ఆట, తక్కువ ర్యామ్‌తో నడిచేది, మీకు తెలిస్తే ఆదివారంలోపు చెప్పండి. చర్చి నుంచి రాగానే కూర్చుంటానంది.