పిస్తోలుకు పెట్టిన బొట్టు

నా చిన్నప్పుడు దసరా వస్తోందంటే మిగతా పిల్లలకు కొత్త గౌను గుర్తొచ్చేది, నాకు మాత్రం మా తాతయ్య పిస్తోలు గుర్తొచ్చేది. ఏడాది పొడుగునా అది పాత పంచెముక్కలో చుట్టుకుని బీరువాలో తాళం వెనక పడుకునేది. ఆయుధపూజ నాడు హాల్లో పీట మీదికి వచ్చి, అమ్మ కత్తిపీట పక్కన దర్జాగా కూర్చునేది. కత్తిపీటకు రోజూ చాకిరీ ఉంటుంది. పిస్తోలుకు ఏడాదికి ఒకటే పని, బొట్టు పెట్టించుకోవడం. ఇంటికి పెద్దల్లుడు వచ్చినట్టుందని మా బాబాయి ఎగతాళి చేసేవాడు.

ఆ పిస్తోలు మళ్ళీ ఖతార్‌లో గుర్తుకొస్తుందని నేను అనుకోలేదు. ఇప్పుడు నేను మా అమ్మాయి కుటుంబంతో మదీనత్ ఖలీఫాలో ఉంటున్నాను. కాలేజీలో చదివే మా మనవరాలు లుసైల్‌లో ఒక క్లబ్బుకు వెళ్ళి పిస్తోలు గురి నేర్చుకుంటోంది. మొదటిసారి నన్ను వెంట తీసుకెళ్ళినప్పుడు చప్పుడు వినపడకుండా చెవులకు పెద్ద పెద్ద డిప్పలు తగిలించి వెనక కుర్చీలో కూర్చోబెట్టింది. నాకు తలమీద బరువు పడదు, డిప్ప కాస్త పక్కకు జరిపాను. అప్పుడు వినిపించింది, టప్ అని. ఎండుకొమ్మ విరిచినంత చప్పుడు. చుట్టూ అందరూ వాళ్ళ వాళ్ళ గురిలో ఉన్నారు కాబట్టి సరిపోయింది కానీ, నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. అది మా నాయనమ్మ వంటింట్లో కూర్చుని వినే చప్పుడు.

మా తాతయ్యను నేను చూడలేదు. అడవిశాఖలో రేంజరుగా చేసేవారట. స్వదేశం వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర ఆ పిస్తోలు కొనుక్కున్నారట. దాని గుండు బఠాణీ గింజకన్నా చిన్నది, దానితో ఆయన పులినీ కొట్టలేదు, పిల్లినీ కొట్టలేదు. సాయంత్రం పూట పెరటి చివర మట్టిదిబ్బకు కొబ్బరిచిప్పలు ఆనించి వాటిని కొట్టేవారు, అంతే. లోపల నాయనమ్మ ఆ చప్పుళ్ళు వింటూ కూర తిరగమోత పెట్టేది. చప్పుడు ఆగిందంటే ఆయన కాళ్ళు కడుక్కుని వస్తున్నారని అర్థం. ఆవిడ పీట వాల్చి కంచం పెట్టేది. వాళ్ళిద్దరి మధ్యా పిలుపులూ పలకరింపులూ పెద్దగా ఉండేవి కావట, ఆ చప్పుడే పిలుపు.

ఆయన పోయాక పిస్తోలూ దాని లైసెన్సూ మా బాబాయికి వచ్చాయి. బాబాయి హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. కుంచె పట్టిన చేతికి పిస్తోలు ఏం చేసుకోవాలో తెలియలేదు. అందుకని అది బీరువాలోకి చేరింది.

ఆ రోజుల్లో భర్త పోయిన ఆడవాళ్ళు పండగపూట పూజ దగ్గరికి వచ్చేవారు కారు. రావద్దని మా ఇంట్లో ఎవరూ అనలేదు. అననక్కర్లేకుండా నాయనమ్మే వెనక వరండాలో చింతపండు ముందేసుకుని కూర్చునేది. ఆయుధపూజ నాడు మాత్రం, అమ్మా నాన్నగారూ పూజ ముగించి అందరూ విస్తళ్ళ ముందుకు వెళ్ళాక, ఒక్కతీ హాల్లోకి వచ్చేది. పసుపునీళ్ళలో కుంకుమ చిక్కగా కలుపుకుని, పిస్తోలు గొట్టం మొదట్లో, తూటా కూర్చునే చోట, రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టేది. పెట్టి, దాన్ని చెరపవద్దని చెప్పి వెళ్ళిపోయేది. అందుకని బొట్టుతోనే దాన్ని మళ్ళీ పంచెముక్కలో చుట్టి బీరువాలో పెట్టేవారు. పెట్టిన బొట్టు తుడవకూడదన్నది మనకు పుట్టుకతో వచ్చిన మాట కదా, ఎవరికీ అందులో తప్పు తోచలేదు.

నేను నాలుగో తరగతిలో ఉండగా, లైసెన్సు పని మీద బాబాయి దాన్ని పోలీసు స్టేషనుకు తీసుకెళ్ళాడు. అక్కడి అధికారి అటూ ఇటూ తిప్పి చూసి, ఇది పేలే వస్తువులా లేదు మాస్టారూ, బాగుచేసి చూపిస్తారా, ఇక్కడే వదిలేస్తారా అని అడిగాడట. వదిలేస్తే పీడా పోతుందని నాన్నగారి అభిప్రాయం. నాయనమ్మ ఆ మాట వింది. మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని, ఒక ముద్ద కలిపి, తినకుండా లేచిపోయింది. బాబాయి ఆ కంచం వంక చూసి, నేను బాగుచేస్తాను అన్నాడు.

బొమ్మలు వేసుకునే గదిలో చాప పరిచి, కిటికీ వెలుతురులో పని మొదలుపెట్టాడు. ఇంట్లో ఆ గదిలోకి తలుపు కొట్టకుండా వెళ్ళగలిగేది నేనొక్కదాన్నే, ఎందుకంటే ఆయనకు రంగులు నూరిపెట్టేది నేను. ముందు దాన్ని విప్పి, ఒక్కొక్క ముక్కా కిరసనాయిల్లో నానబెట్టాడు. ఏ ముక్క ఎక్కడిదో మరిచిపోకుండా పక్కనే కాగితం మీద బొమ్మ గీశాడు. తర్వాత పాత రాగి పైసాకు కుట్టుమిషను నూనె రాసి, దాని అంచుతో తుప్పు గీకడం మొదలుపెట్టాడు. రాగి మెత్తన, తుప్పు మీద కోపం చూపిస్తుంది కానీ ఇనుము మీద గీత పడనివ్వదు అనేవాడు. విప్పబోయే ముందు నేను ఉత్తినే మీట నొక్కబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. అలాంటి తూటాలో మందు అంచు చుట్టూ ఉంటుందనీ, లోపలి సూది ఆ అంచు మీదే కొట్టాలనీ, తూటా లేకుండా ఖాళీగా కొడితే సూది వెళ్ళి ఇనుముకు తగిలి పాడవుతుందనీ చెప్పాడు. మొన్న లుసైల్‌లో మా మనవరాలు అచ్చం ఇదే మాట చెబితే, నాకు తెలుసులేవే అన్నాను. అమ్మమ్మకు ఇదెలా తెలుసని అది నోరు తెరిచింది.

ఆ సూది ఉండే సన్నటి రంధ్రమే పూడుకుపోయింది. బాబాయి చీపురుపుల్ల పెట్టి తవ్వితే కాగితం మీద ఎర్రటి పొడి రాలింది. తుప్పు అన్నాను నేను. ఆయన వేలితో నలిపి వాసన చూశాడు. నా ముక్కు దగ్గర కూడా పెట్టాడు. అది పూజగది వాసన. ఏటేటా పెట్టిన తడిబొట్టు లోపలికి జారి, ఎండి, సూదిని కదలకుండా పట్టేసింది. పైన గొట్టం మీద బొట్టంత మేర ఇనుము గుంటపడిపోయింది.

మరి నాయనమ్మకు చెబుదామా అని అడిగాను. ఏం చెబుతాం, నీ పూజే దాన్ని తినేసిందని చెబుతామా అన్నాడు బాబాయి. ఆ పొడిని ఊదెయ్యలేదు, కాగితంలో మడిచి తులసికోటలో పోసి వచ్చాడు. గొట్టం మీది గుంట మాత్రం అలాగే ఉంచేశాడు. గరుకు కాగితం పెట్టి గట్టిగా రుద్దితే పోయేదే, రుద్దలేదు.

అంతా బిగించాక, ఊరి బయట ఇటుకబట్టీ వెనక ఉన్న పెద్ద మట్టిదిబ్బ దగ్గరికి వెళ్ళాం. నాయనమ్మను రిక్షాలో తీసుకొచ్చాం. ఆవిడ దూరంగా చెట్టు కింద నిలబడింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. దిబ్బకు ఒక కొబ్బరిచిప్ప ఆనించాడు బాబాయి. చెయ్యి చాపి మీట నొక్కాడు. టిక్కుమంది, అంతే. ఆలస్యంగా పేలుతుందేమోనని గొట్టం దిబ్బవైపే ఉంచి, కదలకుండా కాసేపు నిలబడ్డాడు. నాయనమ్మ ముఖం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. ఆయన పాత తూటా తీసేసి ఇంకొకటి పెట్టాడు. ఈసారి టప్‌మంది. చిప్ప పగల్లేదు, బాబాయి గురి అంతంతమాత్రమే. ఇంకోటి, ఇంకోటి కొట్టాడు. చివరికి చిప్ప ఎగిరిపడ్డాక, చాలనుకుని ఆపాడు.

చప్పుడు ఆగింది. నాయనమ్మ చటుక్కున వెనక్కి తిరిగి రెండడుగులు వేసింది, ఏదో పని గుర్తొచ్చినట్టు. వేసి, అక్కడే ఆగిపోయింది. ఇటుకబట్టీ దగ్గర కంచం ఎక్కడుంది, పీట ఎక్కడుంది. నాకు అప్పుడు అర్థం కాలేదు. నాకూ ఒక మనిషి లేకుండా పోయాక అర్థమైంది. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చే వేళకు ఇప్పటికీ నేను స్టవ్ వైపు నడుస్తాను.

స్టేషనులో పిస్తోలు చూపించడం, లైసెన్సు నిలబడటం జరిగిపోయాయి. అసలు గండం ఆ వచ్చిన దసరాకు ఉంది. నాయనమ్మ మళ్ళీ బొట్టు పెడుతుంది. పెడితే మళ్ళీ పాడవుతుంది. వద్దంటే ఆవిడ ఏమైపోతుంది. ఈసారి భోజనాల వేళకు బాబాయి విస్తరి దగ్గరికి వెళ్ళలేదు, నన్నూ వెళ్ళనివ్వలేదు. నూనె రాసిన పిస్తోలు పీట మీద నల్లగా మెరుస్తోంది. నాయనమ్మ కుంకుమ గిన్నెతో వచ్చి వంగబోయింది. బాబాయి ఆవిడకూ పిస్తోలుకూ మధ్యన తన కుడిచెయ్యి చాపాడు.

"అమ్మా, ఇనుముదేముంది, అది పడుంటుంది. పేల్చింది ఈ చెయ్యి. ఆయుధం ఇదే. ఈ ఏడు దీనికి పెట్టు."

నాయనమ్మ ఆ చేతి వంక చూసింది. తర్వాత పిస్తోలు మీది గుంట వంక చూసింది. కొడుకు చూపుడువేలి మీద నెమ్మదిగా బొట్టు పెట్టింది.

"తుప్పు పట్టిందని చెప్పలేకపోయావట్రా" అంది.

"నీకు తెలుసా?"

"ఎర్రగా పెట్టింది మళ్ళీ ఏడుకి నల్లబడితే తెలీదేంట్రా. తెలిసే పెట్టాను. నా మొహాన ఉన్నది చెరిపేశారు. చెరపకుండా ఎక్కడో ఒకచోట ఉండాలి కదా."

మంచి తెలివిగా నడిపించాననుకున్న బాబాయి, తల వంచుకుని నిలబడ్డాడు. అప్పటికి లోపలినుంచి అమ్మా, చుట్టాలూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. బాబాయి నా భుజం మీద చెయ్యి వేసి ముందుకు జరిపి, దీనికి కూడా పెట్టమ్మా, రంగులు నూరే చెయ్యి అన్నాడు. అలాంటి ఆవిడ చేత ఆడపిల్లకు బొట్టు పెట్టించడమంటే అప్పట్లో చిన్న సంగతి కాదు. నాయనమ్మ చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. ఆవిడ మా అమ్మ వంక చూసింది. అమ్మ పమిట సర్దుకుని, కుడిచెయ్యి చాపవే, పెద్దవాళ్ళను నిలబెడతావేం అని నన్నే కసిరింది.

చల్లటి వేలు వచ్చి నా వేలికి తగిలింది. ఆ బొట్టు చెరిగిపోతుందని నేను అన్నం కలుపుకోనని మొండికేస్తే, నాయనమ్మే పప్పన్నం కలిపి ముద్దలు పెట్టింది. అందరి ముందూ, హాల్లో కూర్చుని. ఆవిడ పోయేదాకా ప్రతి దసరాకూ ఇంట్లో పిల్లలందరం చేతులు చాపి వరసలో నిలబడ్డాం. పిస్తోలు మళ్ళీ తుప్పు పట్టలేదు. బాబాయికి పిల్లలు లేరు. ఆయన తర్వాత అది స్టేషనుకే వెళ్ళిపోయింది. ఎక్కడుందో, ఉందో లేదో. ఆ గుంట మీద ఒక్కసారి వేలు పెట్టి చూడాలని ఇప్పటికీ నాకు ప్రాణం కొట్టుకుంటుంది.

ఇక్కడ దసరా సెలవు కాదు. మొన్నటి ఆయుధపూజకు మా అల్లుడు ఆఫీసుకు వెళ్ళే తొందరలో, విల్లా ముందు కారు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించుకుని, పెయింటు మీద బొట్టు వద్దత్తయ్యగారూ, అద్దం మీద పెట్టండి అన్నాడు. బుద్ధిమంతుడు, మా బాబాయికి నచ్చేవాడు. మనవరాలి పిస్తోలు క్లబ్బు వాళ్ళది, లుసైల్‌లో వాళ్ళ తాళం కిందే ఉంటుంది. అందుకని నేను అడగకుండానే అది చెయ్యి చాపింది. ఈ కథ దానికి చెప్పి ఎంతో కాలం కాలేదు. చూపుడువేలి మీద బొట్టు పెట్టాను.

అది వెళ్ళిపోతుందనుకున్నాను. నా చేతిలోంచి గిన్నె తీసుకుని, "అమ్మమ్మా, నీ చెయ్యేదీ" అంది. నేనేం పేల్చానే అన్నాను. రంగులు నూరావుగా అంది.

నాయనమ్మ తర్వాత ఆ వేలి మీద ఎవరూ బొట్టు పెట్టలేదు. మనవరాలు పెడుతుంటే అదే చల్లదనం. మధ్యాహ్నం మా అమ్మాయి కంచం పెట్టి పిలిచింది. స్పూనుతో అన్నం తినేవాళ్ళను చూసి ముక్కు విరిచే నేను, ఆ పూట స్పూను అడిగి తెప్పించుకుని, ఎడమచేత్తో తిన్నాను. సగం కింద పోసుకున్నాను. ముద్దలు కలిపి పెట్టే మనిషి లేదు కదా.