మూడు మేకులు, రెండు చెవులు

పిన్నివి పాము చెవులు. పక్కగదిలో చెంచా జారిపడితే అది పెద్దదో చిన్నదో చూడకుండానే చెప్పేస్తుంది. చుట్టాల్లో ఎవరికైనా గుసగుసలాడే పనుంటే వీధి చివరిదాకా నడిచి వెళ్ళి ఆడుకొస్తారు. ఆమె బతుకుతెరువు కూడా ఆ చెవులే. పుస్తకాలను చదివించి రికార్డు చేసే స్టూడియో ఒకటి ఆమెకు పని పంపుతుంది. చదివినవాళ్ళు ఎక్కడ గుటక వేశారో, ఎక్కడ కుర్చీ కిర్రుమందో, ఎక్కడ పేజీ తిప్పారో పట్టుకుని తీసేయడం ఆమె పని. ఇంటా బయటా అందరికీ ఆమె పిన్నే. స్టూడియో నడిపే కుర్రాడికి మాత్రం పిన్నిగారు.

ఆమె బల్ల ముందు గోడకి మూడు మేకులు, మేకుకొకటి చొప్పున మూడు హెడ్‌ఫోన్లు. మూడూ ఒకే కంపెనీవి, మూడూ నల్లవే. దుమ్ము పడకుండా పిన్ని తన పాత నల్లచీర చింపి మూడింటికీ ఒకేలాంటి తొడుగులు కుట్టింది. దాంతో ఉన్న కాస్త తేడా కూడా పోయింది.

"చెవులు రెండే కదే, ఇవి మూడెందుకు?" అని బాబాయి అడగని వారం లేదు. ఆయన సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. ఇప్పుడు వంటిల్లు ఆయన రాజ్యం.

"మొదటిది చెవుల్ని పూర్తిగా మూసేస్తుంది. తప్పులు పట్టాలంటే అదే. రెండోది తేలిక, చెవులు ఉక్కపోస్తే అది. మూడోది గాలాడేది, డొప్పలకి జల్లెడలా చిల్లులుంటాయి, బయటి చప్పుళ్ళు కూడా లోపలికొస్తాయి. అంతా అయ్యాక ఒక్కసారి కథ వింటాను చూడండి, అందుకది."

"బస్సుకి మూడు స్టీరింగులు ఎవరైనా పెట్టించుకుంటారా?"

తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం పిన్ని. మూడంటే మూడే.

అయితే ఈసారి అక్క కూతురు అడిగింది. కాలేజీలో చేరబోతోంది. "పిన్నీ, మూడూ ఒకేలా ఉన్నాయిగా, ఒకటి నాకిచ్చెయ్యవా?" అని గారాలు పోయింది. ఆ పిల్ల అడిగితే పిన్ని కాదనలేదు. ఆదివారం వచ్చి తీసుకెళ్ళమంది. ఏది ఇవ్వాలో మాత్రం తేలలేదు. ఒకటి చేతిలోకి తీసుకుంటుంది, చెవులకు పెట్టుకుంటుంది, మళ్ళీ తగిలించేస్తుంది.

ఇంతలో అసలు గొడవ మొదలైంది. ఒక రిటైరైన టీచరమ్మ చదివిన నవల వచ్చింది. చక్కటి గొంతు. కానీ ఆ గొంతు వెనకాల సన్నగా, ఆగకుండా, గుర్రుమంటూ ఏదో మోత. పిన్ని రికార్డింగును తిప్పి పంపింది. టీచరమ్మ ఫ్రిజ్జు ఆపి మళ్ళీ చదివింది. మోత ఉంది. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, చెమటలు కక్కుతూ ఇంకోసారి చదివింది. అప్పుడూ ఉంది.

చివరికి స్టూడియో కుర్రాడే ఇంటికొచ్చాడు. పిన్ని కుర్చీలో కూర్చుని, ఆమె హెడ్‌ఫోన్సే పెట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఏ మోతా లేదండీ పిన్నిగారూ."

పిన్ని లాక్కుని తనూ వింది. నిజమే, లేదు. కుర్రాడు బాబాయి ఇచ్చిన కాఫీ తాగి, ఆయనతో కాసేపు కబుర్లు చెప్పి, "మీరు కొన్నాళ్ళు రెస్టు తీసుకోండి" అని మెత్తగా అనేసి వెళ్ళిపోయాడు. అతను వెళ్ళాక పిన్ని మళ్ళీ పెట్టుకుంది. మోత వచ్చేసింది.

మోత రికార్డింగులో లేదంటే తన చెవుల్లోనే ఉన్నట్టు. వయసు మీద పడితే కొందరికి అలా చెవుల్లో హోరు పుడుతుందని ఆమెకు తెలుసు. చెవులు పోతే ఈ పని పోతుంది. పని పోతే పోయింది, రేపటి నుంచి ఎవరి గొంతూ సరిగ్గా వినబడదేమోనన్న భయం ఆమెను తినేసింది. ఆ రోజు అన్నం సహించలేదు. అక్క కూతురికి ఫోన్ చేసి, "ఒకటెందుకే, మూడూ పట్టుకుపో" అంది. ఆ పిల్ల ఎగిరి గంతేసింది. పిన్ని ఫోన్ పెట్టేసి ముక్కు చీదుకుంది.

ఆదివారం పొద్దున, పిల్లకి ఇచ్చేముందు మూడూ పనిచేస్తున్నాయో లేదో చూద్దామని కూర్చుంది. అదే టీచరమ్మ, అదే పేజీ. ఒకటి పెట్టుకుంది. మోత లేదు. రెండోది పెట్టుకుంది. లేదు. రోజూ పని చేసే మొదటి మేకుది పెట్టుకుంది. గుర్రుమంది. చెవులు పాడైతే మూడింట్లోనూ మోగాలి కదా! పిన్ని గబగబా తొడుగు ఊడదీసింది. లోపల జల్లెడ! ఇది గాలాడేది కదూ, మొదటి మేకు మీదికి ఎలా వచ్చింది?

పిన్నికో అలవాటుంది. రికార్డింగు ఆపిందంటే, చెవులకు విశ్రాంతి కావాలని హెడ్‌ఫోన్స్‌ను వెంటనే మెడలోకి జార్చేస్తుంది. ఈసారి జార్చలేదు. ఆపి, అలాగే కూర్చుంది. టీచరమ్మ ఆగింది, మోత ఆగలేదు. వంటింట్లోంచి వస్తోంది.

వెళ్ళి చూస్తే బాబాయి ఉల్లిపాయలు తరుగుతున్నాడు. పెదవులు మూసుకుని, గొంతులోంచి, ఎత్తు ఎక్కుతున్న బస్సులాగా, "గుర్ర్‌ర్" అంటున్నాడు. పెళ్ళయిన నాటి నుంచీ ఆయన చేతిలో పనుంటే గొంతులో ఇంజను తిరుగుతూనే ఉంటుంది. విని విని పిన్ని చెవులు దాన్ని గోడగడియారాన్ని వదిలేసినట్టు ఎప్పుడో వదిలేశాయి. తప్పులు వెతుకుతూ కూర్చున్నప్పుడే మళ్ళీ దొరికింది. ఇంటికి ఎవరైనా వస్తే ఆయన మర్యాదగా ఇంజను ఆపేస్తాడు.

"గోడ మీద హెడ్‌ఫోన్స్ మీరేమైనా ముట్టుకున్నారా?"

"పండక్కో పబ్బానికో ఓ మంచిపని చేద్దామని దుమ్ము దులిపి మళ్ళీ తగిలించాను. ఏం, తలకిందులుగా పెట్టానా?"

పిన్నికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. పాపం ఆ టీచరమ్మ చేత ఫ్రిజ్జు కూడా ఆపించింది! స్టూడియోకి ఫోన్ చేసి జరిగింది చెబితే కుర్రాడు నవ్వు ఆపుకోలేక ఫోన్ పక్కన పెట్టేశాడు.

అక్క కూతురు సంచి పట్టుకుని వచ్చింది. "ఒక్కటీ ఇవ్వనే" అంది పిన్ని. "మూడు ఉండబట్టే పొరబడ్డాను. కానీ మూడు ఉండబట్టే నా చెవులు బాగున్నాయని తెలిసింది. ఒక్కటే ఉండి ఉంటే ఈపాటికి డాక్టరు దగ్గర ఏడుస్తూ ఉండేదాన్ని. నీకు కొత్తది కొనిస్తాలే."

"ఏ కంపెనీ పిన్నీ?"

"ఇంకే కంపెనీ? ఇదే. నీకు మాత్రం ఎర్రది."

తొడుగులు మూడింటికీ మూడు రంగుల దారాలు కుట్టింది. బాబాయిని ఇంకోసారి దులపొద్దని బతిమాలింది. అసలు సంగతి విన్న దగ్గర్నుంచి ఆయన నేరం చేసినవాడిలా నోరు బిగించుకుని తిరుగుతున్నాడు. ఇల్లంతా నిశ్శబ్దం. పిన్ని చెవులు మూసే హెడ్‌ఫోన్స్‌తో టీచరమ్మ నవలంతా శుభ్రం చేసింది. చివరికి గాలాడేది తీసి, కాళ్ళు చాపుకుని, కథ వినడానికి కూర్చుంది. గొంతు బాగుంది, కథా బాగుంది. అయినా మనసు కుదురుకోలేదు. కాసేపు చూసి, హెడ్‌ఫోన్స్ తీయకుండానే వంటింటి వైపు కేకేసింది.

"ఏమండీ, బస్సు కాస్త స్టార్ట్ చేయండి."