బాబాయి గైగర్ కౌంటరు

దేశమంతా అణుశక్తి గురించే మాట్లాడుకుంటున్న రోజులవి. చాట్రాయి దగ్గర మాకు మిగిలిన ఒక్క మామిడి తోటలో అణుఖనిజం దొరికితే పోయిన దర్జా తిరిగొస్తుందని మా బాబాయి ఎక్కడినుంచో పాత గైగర్ కౌంటరు, అంటే అణుఖనిజం దగ్గర పెడితే టిక్కుటిక్కుమని మోగే యంత్రం, తెచ్చాడు. వేసవంతా తోట ముఖం చూడలేదు. ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ కాఫీతో పాటు, కౌంటరును రేడియం గడియారం దగ్గర పెట్టి దాని టిక్కుటిక్కులు వినిపించేవాడు. ఒకప్పుడు సన్నాయి మేళంతో అతిథులను పిలిచిన ఇల్లు అది.

చివరికి తోటలో పెడితే అది ఆగకుండా మోగింది. తవ్వకానికి చెట్లు కొట్టించాలని బాబాయి కూలీలను పిలిచాడు. నేను కాలేజీలో ఫిజిక్సు చెప్పే మాస్టారిని వెంటబెట్టుకొచ్చాను.

"మోగినప్పుడల్లా దీని గొట్టంలో గ్యాసు కొంత పాడైపోతుందండీ. వాడివాడి అది పూర్తిగా పోయాక ఖనిజం ఉన్నా లేకున్నా ఒకటే మోత. మీ వంటింట్లో పెట్టినా ఇంతే," అన్నారాయన.

"అయితే వంటింట్లో కూడా ఉందేమోనండీ!" అన్నాడు బాబాయి.

"ముందు అదే తవ్వించండి బాబాయ్. పిన్నితో నేను చెబుతాను," అన్నాను.

అణుఖనిజం మీద ఆశ కంటే పిన్ని నోరంటే భయమే బాబాయికి ఎక్కువ. కూలీలు గొడ్డళ్ళు భుజాన వేసుకుని నవ్వుతూ వెళ్ళిపోయారు.