ర్యాంపు మీద నా స్కూటరు

ఈమధ్య నంద్యాలలో పెన్షన్ ఆఫీసుకు పోయి, నేనింకా బతికే ఉన్నానని వేలిముద్ర వేసి వచ్చాను. పెన్షన్ తీసుకునే నా ఈడు వాళ్ళందరికీ ఏడాదికోసారి తప్పని తతంగమే, కొత్తగా చెప్పేదేమీ లేదు. కాకపోతే పోయినేడు పక్షవాతం వచ్చి ఎడమకాలు పడిపోయాక, చక్రాల కుర్చీతో ఆ పనికి పోవడం ఇదే మొదటిసారి. తోడు మా ఆవిడ వచ్చింది. తీరా పోతే ఆఫీసు ముందరి ర్యాంపును పగలగొట్టి కొత్తగా పోస్తున్నారు, ఇసుక కుప్ప అడ్డంగా ఉంది. ఆటో అతను, "ఎత్తుకొని పోతాలే పెద్దాయనా, నువ్వెంత బరువుంటావ్" అని చేతులు చాచాడు. పాపం, మంచి మనసుతోనే అన్నాడు, అయినా నేను కసురుకున్నట్టే వద్దన్నాను. ఈలోగా లోపల పనిచేసే ఒక అమ్మాయి కిటికీలోంచి చూసిందో ఏమో, "నువ్వు యాడికీ రాబల్లేదు పెద్దాయనా, మిషను నేనే తెస్తాండా" అంటూ మెట్లు దిగి వచ్చి, ఆటో పక్కన మోకాళ్ళ మీద కూర్చుని నా వేలు పెట్టించుకుని వెళ్ళింది. రెండు నిమిషాల పని. మా ఆవిడ దోవ పొడుగునా ఆ అమ్మాయిని మెచ్చుకుంటూనే ఉంది. నాకేమో ఆళ్లగడ్డ గుర్తొచ్చింది, ఆళ్లగడ్డ సంగతి నేను ఇన్నేళ్ళ కాపురంలో ఆమెకు కూడా చెప్పలేదు.

అప్పట్లో నేను ఆళ్లగడ్డలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాను. ఏ ఆఫీసో చెప్పను, ఇప్పుడక్కడ పనిచేసేవాళ్ళకు నా మూలంగా మాట రాకూడదు. పాతకాలపు ఎత్తు పునాది బంగళా, ముందర తొమ్మిది మెట్లు, మెట్లెక్కితే విశాలమైన వసారా. వికలాంగులు (అప్పుడు ఆ మాటే అనేవాళ్ళం, ఇప్పుడు దివ్యాంగులు అంటున్నారు, నేనూ ఆ జాబితాలో చేరాను) లోపలికి రావడానికి ప్రతి ఆఫీసులోనూ ర్యాంపు కట్టాలని, వాళ్ళపట్ల ఏ వివక్షా చూపరాదని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఉత్తర్వు ప్రకారమే మెట్ల పక్కన ర్యాంపు కట్టించారు. దాన్ని తప్పుపట్టడానికి లేదు, వాలు సరిగ్గా ఉంది, పట్టుకోవడానికి పైపు కూడా పెట్టారు. ఎటొచ్చీ అది ఎక్కువగా ఉపయోగపడింది మా స్కూటర్లకు.

ఆళ్లగడ్డ ఎండలు తెలిసినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. బయట పెడితే సాయంత్రానికి సీటు మీద చెయ్యి ఆనేది కాదు. ర్యాంపు సిమెంటు ఆరిన మర్నాడే నా కొత్త స్కూటరును దానిమీదుగా తోసుకెళ్ళి వసారా నీడలో పెట్టిన మొదటివాణ్ణి నేనే, ఆ తెలివికి ఆరోజు అందరూ నా వీపు తట్టారు కూడా. వారం తిరిగేసరికి వసారా నిండిపోయింది. ఆలస్యంగా వచ్చినవాడు బండిని ర్యాంపు మీదే అడ్డంగా నిలిపి హ్యాండిల్‌కు తాళం వేసుకుని లోపలికి పోవడం మా ఆఫీసులో ఆనవాయితీ అయింది. ఆ రోజుల్లోనే, ర్యాంపు ఉందా, వాడుకలో ఉందా అని పైనుంచి రిపోర్టు అడిగితే, "ర్యాంపు నిర్మించడమైనది, వికలాంగులు నిరాటంకంగా వినియోగించుకొనుచున్నారు" అని నేనే నా అందమైన దస్తూరీతో రాసి, మా ఆఫీసరు చేత సంతకం చేయించి పంపాను. నా దస్తూరీ అంటే ఆ ఆఫీసులో మంచి పేరుండేది.

ఆ రిపోర్టు పోయిన వారానికి ఒక అమ్మాయి వచ్చింది. గ్రంథాలయంలో వికలాంగులకు కేటాయించిన ఒకే ఒక్క ఉద్యోగానికి జాబితాలో మొదటి పేరు ఆమెది. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్ళూ సన్నబడిపోయాయి, ఇంట్లో కూర్చునే చదివి డిగ్రీ పాసైంది. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు లోపల సర్టిఫికెట్లు చూపించి, ఆఫీసరు ఎదుట రిజిస్టర్లో సంతకం పెట్టాలి, పెట్టకపోతే ఉద్యోగం రెండో పేరుకు పోతుంది. మూడు చక్రాల బండిలో ఆమె, వెనక తోసుకుంటూ వాళ్ళ నాయన, పక్క ఊరినుంచి పొద్దున్నే బయల్దేరి పదకొండు గంటలకల్లా మా మెట్ల దగ్గరున్నారు. ర్యాంపు మీద అడ్డంగా నా స్కూటరు ఉంది. ఆ రోజు ఆలస్యంగా వచ్చినవాణ్ణి నేనే.

"అన్నా, ఆ బండి రోంత పక్కకు తీస్తావా" అని ఆమె కిందినుంచే అడిగింది. కిటికీ పక్కనే నా సీటు. "వస్తాండా, ఉండమ్మా" అన్నాను. అని, కూర్చున్నాను. ఇంకా గంట టైముంది కదా అనుకున్నాను, టీ వచ్చింది, తాగాను, పక్కసీటాయనతో ఏదో బదిలీల కబురు నడిచింది. కింద వాళ్ళ నాయన కాసేపు చూసి, ఆమెను ఎత్తుకుని పోతానని వంగాడు. అప్పుడామె అన్న మాట నాకు కిటికీలోంచి స్పష్టంగా వినపడింది. "ఎత్తద్దు నాయనా. ఎత్తుకొనిపోతే, ఈ పిల్ల ఉద్యోగం యాడ చేస్తాదిలే అంటారు." విని కూడా నేను లేవలేదు. తాళంచెవి నా చొక్కా జేబులోనే ఉంది. ఎందుకు లేవలేదని ఎన్నోసార్లు నన్ను నేను అడిగాను, పెద్ద కారణమేదైనా దొరికితే బాగుండునని కూడా ఆశపడ్డాను. బద్ధకం తప్ప ఏమీ లేదు.

పన్నెండుకు పది నిమిషాలుందనగా ఆఫీసరు క్యాంపుకు బయల్దేరాడు, జీపు వెనకవైపు ఉండేది, ముందరి మెట్లు ఆయనకు కనపడవు. రిజిస్టరు తెప్పించుకుని, ఆ అమ్మాయి రాలేదా అని నన్నడిగాడు. మెట్ల కింద ఉంది సార్ అంటే చాలు. అంటే, ర్యాంపు ఉంది కదా, ఎందుకు రాలేదంటాడు, స్కూటరు ఎవరిదంటాడు, మొన్న నువ్వు రాసిందేంటి, నాచేత సంతకం పెట్టించిందేంటి అంటాడు. నంద్యాలకు బదిలీ చేయమని నేను పెట్టుకున్న అర్జీ అప్పుడు ఆయన టేబులు మీదే ఉంది. "రాలేదు సార్" అన్నాను. రాయమన్నాడు. ఆమె పేరుకు ఎదురుగా, అదే అందమైన దస్తూరీతో, "గైర్హాజరు" అని రాశాను. ఆయన కింద సంతకం చేసి వెళ్ళిపోయాడు.

పన్నెండు దాటాక వెళ్ళి స్కూటరు తీశాను. ఆమె పైపు మీద ఒక చెయ్యి, చక్రం మీద ఒక చెయ్యి వేసి, ఎవరి సాయమూ లేకుండా ఒక్క నిమిషంలో పైకి వచ్చేసింది. వచ్చి నవ్వుతూ నాకు థాంక్స్ చెప్పింది. టైమైపోయిందమ్మా, సారు వెళ్ళిపోయారు అన్నాను. ఆమె వాకిలివైపు, గోడ గడియారంవైపు చూసింది. వాళ్ళ నాయన మాత్రం, "పదకొండుకాన్నుంచీ ఈడ్నే ఉంటిమి కదప్పా, నువ్వు చూస్తివి కదా" అన్నాడు. నేను తల వంచుకుని కాగితాలు సర్దాను. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. "నేను వచ్చినట్టు ఒక్క మాట రాయన్నా, సాలు" అంది. చూస్తానమ్మా అన్నాను. చూడలేదు. ఉద్యోగం రెండో పేరుకు పోయింది, నాకు నంద్యాల బదిలీ వచ్చింది.

ఆమె ఊరు నాకు తెలుసు. ఆళ్లగడ్డ దాటాక రోడ్డు పక్కనే. కాళ్ళున్నన్నాళ్ళూ ఆ దారిన బస్సులో ఎన్నిసార్లో పోయాను, ఆ ఊరు వచ్చేసరికి నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకునేవాణ్ణి. దిగి, ఆ ఇల్లెక్కడని అడిగి, తప్పు నాదేనమ్మా అని చెప్పి ఉంటే ఆమె పోయిన ఉద్యోగం తిరిగి రాదు గానీ, తాను సమయానికి వచ్చిందన్న సంగతి ఇంకొకరి నోటినుంచి వినేది. ఇప్పుడు పోవాలంటే నన్ను ఎవరో ఒకరు బస్సెక్కించాలి.

నా ఈడు వాళ్ళు కలిసినప్పుడల్లా మా రోజులే మంచివి, మనుషుల్లో అప్పటి దయ ఇప్పుడు లేదు అంటూంటారు. రూల్సు అప్పుడూ ఇవే, ఇంకా చక్కటి తెలుగులో ఉండేవి, వాటికి జవాబులు రాసింది నేనే. మొన్న నంద్యాలలో నేను ఒక్క మెట్టు ఎక్కలేదు, ఆఫీసు గడప తొక్కలేదు, ఆటోలోంచి దిగనైనా లేదు. అయినా ఆ అమ్మాయి నేను వచ్చినట్టే రాసుకుంది.